యార్క్‌లో పొద్దున్నే దిగాలి

ల్యాప్‌టాప్ వెలుగు ఆయన బుగ్గ మీద నీలంగా పడుతోంది.

నీలం... ఇంకా కనిపిస్తోందట. పక్కనుంచి వంగిన నేను మాత్రం కనబడలేదట.

మా ఆయన కృపాల్ చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోంది. వచ్చే ఏడాదికి ఎంత మిగులుతుందో చెప్పలేనన్నాడు స్టుట్‌గార్ట్ కంటి డాక్టరు. ఆ మాట అనేసి, తరువాతి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఎప్పుడో కంప్యూటర్‌లో చూసుకున్నాడు.

అందుకే ఈ ప్రయాణం.

బ్యోబ్లింగెన్‌లో మా వంటింట్లో కూర్చుని రైలుకి రైలు కలిపాం. కాంటర్‌బరీ. లింకన్. యార్క్. డరమ్. పాత ఊళ్ళు, పెద్ద పెద్ద చర్చిలు, రంగుటద్దాల కిటికీలు. బందరులో ఈయన చిన్నప్పటి చర్చికి ఒకే ఒక్క రంగుటద్దం ఉండేదట. దాని ఎరుపు మొహం మీద పడే చోటు కోసం ప్రతి ఆదివారం తమ్ముడితో కొట్లాటేనట.

లింకన్‌కి ఒక మధ్యాహ్నం చాలు. యార్క్‌లో పొద్దున్నే దిగాలి — అక్కడిది తూర్పు కిటికీ, ఎండ ఉండగానే చూడాలి.

ఇంగ్లండులో ఎండ ఉంటుందా? నాకేం తెలుసు! ప్రార్థన చేశాను.

అంతటితో ఊరుకున్నానా... టిక్కెట్లు కొన్న వారమే మా తెలుగు సహవాసం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేశాను. దేవుడు దారి తెరిచాడన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

తరువాత బిర్యానీ పళ్ళేల దగ్గర సుందర్‌రాజ్ అన్నయ్య మెల్లగా అడిగారు.

"వీసాలు వచ్చేశాయామ్మా?"

"వీసా దేనికన్నయ్యా? జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉందిగా."

ప్యారిస్‌కి ఆ కార్డే. ప్రాగ్‌కి ఆ కార్డే. ఇంగ్లండూ అంతేలే అనుకున్న బుర్రలు మావి.

నా కార్డుకి ఇంకా గడువుంది. ఆయన కార్డు అయిపోవస్తోంది; కొత్తది చూపించనిదే ఇంగ్లండు వీసా ఇవ్వరట. కొత్త కార్డుకి టెర్మిన్ కావాలి. టెర్మిన్ లేదు. రోజూ పొద్దున లేవగానే చూశాను — లేదు. మెయిల్ పెట్టాను — మీ మెయిల్ అందింది అని మెయిల్ వచ్చింది. వెళ్ళి ఆ కార్డులిచ్చే ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను. టెర్మిన్ లేనిదే లోపలికి రాకూడదన్నారు. టెర్మిన్ కోసమే వచ్చానంటే, అయినా సరే అన్నారు.

ఎవరి మీద అరవను? ఆ గుమ్మంలోనే చిన్నపిల్లలా ఏడ్చాను.

టెర్మిన్ దాకా ఆగుతాయా కళ్ళు?

వీసాలు వచ్చాయి... కాదు, వీసా వచ్చింది. నా ఒక్కదానికే.

నేను వెళ్ళనన్నాను. మొత్తం మానేద్దామన్నాను. ఈయన వింటేగా.

"నువ్వు చూసి రా షారన్. ఫోటోలు వద్దు... అవి ఎన్నాళ్ళు చూస్తాను? ఏ రంగు ఎక్కడుందో చూసొచ్చి చెప్పు, చాలు."

"నాకు చెప్పడం రాదండీ."

"సాక్ష్యం చెప్పడం వచ్చుగా."

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. దేవుడి మీద కోపం మాత్రం పోలేదు.

స్టుట్‌గార్ట్ స్టేషన్. నా బ్యాగు ఆయనే పైన పెట్టి, కమ్మీ తడుముకుంటూ కిందికి దిగారు. యార్క్‌లో పొద్దున్నే దిగమని మళ్ళీ చెప్పారు. తలుపులు మూసుకున్నాయి.

అద్దానికి అరచెయ్యి ఆనించాను. ఇక్కడ — ఇక్కడున్నానండీ.

రైలు కదిలింది.

ప్లాట్‌ఫారం మీద ఆయన నవ్వుతూ చెయ్యి ఊపుతున్నారు. నాకు కాదు. పక్క కిటికీకి... అక్కడ ఎవరో జర్మన్ ముసలావిడ తలెత్తి చూసి, పాపం, తనూ చెయ్యి ఊపింది.