డెబోరా సాక్ష్యం

మంచం మీంచి లేవాలంటే డెబోరా ముందు ఎడమపక్కకి ఒత్తిగిలి, మోచేయి ఆనించి, కాళ్లు కిందికి వదిలి, అప్పుడు నడుమెత్తాలి. నడుము ఆపరేషన్ తర్వాత ఆస్పత్రివాళ్లు నేర్పిన పద్ధతి అది. ఏడాదిగా ఈ తతంగమంతా అయ్యాకే ఆమెకు తెల్లవారుతుంది. వంగలేదు కాబట్టి చెప్పుల పట్టీలు మొగుడు మాథ్యూ పెడతాడు. కొల్లూరు కాలనీలో ఆరో అంతస్తు వాళ్ల ఇల్లు. లిఫ్టు దయతలిస్తే సరి, లేకపోతే మెట్లే గతి.

పట్టీ బిగిస్తూ మాథ్యూ అన్నాడు, "ఇయ్యాల డాక్టరుకు సాఫ్‌సీదా చెప్పు. నవ్వుకుంట చెప్పకు."

"నేనెప్పుడు నవ్విన?"

"ఎప్పుడు ఏడ్సినవ్ మరి?"

మాట నిజమే. బొల్లారం మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పెళ్లికి ముందు చేరిన మనిషి, ఆ లైను ముందు నిలబడే ఇద్దరు పిల్లల్ని పెంచింది. కూర్చోవడానికి స్టూలు కావాలంటే సూపర్‌వైజర్ ఏమనుకుంటాడోనని అడగలేదు. కంపెనీ బస్సులో సీటు దొరికితే పక్కమనిషికిచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. డెబోరా అమ్మను కూడా అడిగిన మనిషి కాదు. నొప్పి నడుములోంచి ఎడమకాల్లోకి దిగి, లైను దగ్గర కుప్పకూలిన రోజునగానీ ఆ ఒంట్లో నొప్పి ఉందని ఎవరికీ తెలియలేదు.

అసలు చిక్కు ఆపరేషన్ తర్వాత వచ్చింది. మందుల మత్తుకో, అందరి ప్రార్థనలకో, మొదటి నెల నొప్పి నిజంగానే తగ్గింది. ఆ ఊపులో పటాన్‌చెరు చర్చి ఉజ్జీవ కూటాల్లో లేచి సాక్ష్యం చెప్పేసింది, దేవుడు ఆపరేషన్ చేసిన డాక్టరు చేతుల్లో ఉండి తనను స్వస్థపరిచాడని. జనం స్తోత్రాలు చెప్పారు. పాస్టరమ్మ కౌగిలించుకుని ఏడ్చింది. రెండో నెలలో నొప్పి తిరిగొచ్చింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, దాటిపోయిన మాటను ఏ మొహం పెట్టుకుని వెనక్కి పిలుస్తుంది? నొప్పి ఉందంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టేనని అనుకుంది పిచ్చితల్లి. గుళ్లో అందరూ మోకరిస్తే తనూ మోకరించి, పళ్లబిగువున లేచేది.

ఇవాళ ఆస్పత్రిలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు. డాక్టరు చెడ్డవాడేం కాదు, హస్తవాసి మంచిదని పేరు కూడా. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూడగానే ఆయన మొహం విప్పారింది.

"స్క్రూలు బ్రహ్మాండంగా కూర్చున్నాయి. ఆపరేషన్ సక్సెస్."

"సార్, ఎడమకాలు..."

"నడుస్తున్నారు కదమ్మా?"

"నడుస్తున్న సార్, గని..."

"ఇంకేం కావాలి? బరువు తగ్గండి. నొప్పి గురించి ఆలోచించడం మానేయండి."

బస్సులో వస్తూ మనసులో కూర్చుకున్న మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి. ఆయన వీపు మీద చెయ్యి వేసి చూడలేదు, కాలు ఎత్తమనలేదు. ఆయనకు కావలసిన డెబోరా ఆ ఫిల్ములో ఉంది, మహా చక్కగా ఉంది. పాడలవాటు కొద్దీ ఈమె నవ్వి, దండం పెట్టి బయటికొచ్చింది. వచ్చాక ఒళ్లు మండింది. ఆయన మీద సగం, తన మీద సగం.

వరండాలో నిషిత ఎదురైంది. పేషెంట్లకు ధైర్యం చెప్పడం ఆ అమ్మాయి ఉద్యోగం.

"ఆంటీ, పైన ఒకామెకు రేపు సర్జరీ. బాగా భయపడుతున్నారు. మీరు చెప్పిందే విని వచ్చారట. ఒక్క మాట చెప్పి వెళ్లండి, ప్లీజ్."

పైగదిలో సోమమ్మ ఆస్పత్రివాళ్లిచ్చిన ఆకుపచ్చ గౌను వేసుకుని, వెనక తెరుచుకునే చోట ఒక చేత్తో పట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. గుమ్మడిదల దగ్గర పల్లెలో పొలం చేసుకునే మనిషి. డెబోరాను చూడగానే రెండో చెయ్యి చాచింది.

"నువ్వేనా చెల్లె! మీటింగుల నీ సాక్ష్యం ఇన్న. గా డాక్టరే కావాలని పట్టువట్టి వచ్చిన. ఇగ నొప్పి అసల్ లేదు గదా?"

గుమ్మంలో నిషిత నవ్వుతూ నిలబడింది. 'లేదక్కా' అనే మాట డెబోరా నాలుక చివరిదాకా వచ్చింది. ఏడాదిగా అందరితో అంటున్నదే. కానీ రేపు కోసేది ఈమె వీపు.

"ఉన్నదక్కా," అంది. "కాలు మంట గూడ పోలే. మొదట తగ్గింది, మల్ల వచ్చింది. నీకు తగ్గుతదేమో, నాకు తెల్వదు. నాకైతే తగ్గలే."

"ఆంటీ..." అంది నిషిత.

"మరి మీటింగుల గట్ల చెప్తివి?" అంది సోమమ్మ.

"గప్పుడు నిజమే. తర్వాత చెప్పనీకి ధైర్యం రాలే."

సోమమ్మ కోప్పడలేదు. "డాక్టరుకన్న చెప్పినవా?" అంది.

"చెప్పబోయిన. ఇనలే."

"కోసినంక నీ మాటే ఇననోడు నా మాటేం ఇంటడు?" సోమమ్మ మెల్లగా లేచింది. "ఇంకో డాక్టరుకు సూపెట్టుకుంట. జెర నా చీర ఇయ్యి చెల్లె."

తెర చాటున చీర కట్టుకుంది. కుచ్చిళ్లు కింద సర్దడానికి ఇద్దరిలో ఎవరి నడుమూ వంగలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. చివరికి నిషితే మోకాళ్ల మీద కూర్చుని సర్దింది. "కింద కౌంటర్లో నేను చెప్తాలెండి," అంది తలెత్తకుండా.

లిఫ్టులో సోమమ్మ డెబోరా మోచేయి పట్టుకుని నిలబడింది. ఆదివారం గుళ్లో మళ్లీ లేవాలి, అందరి ముందూ ఇదే మాట చెప్పాలి అనుకుంది డెబోరా. పాస్టరమ్మ ఏమంటుందో! భయంగానే ఉంది, తేలికగానూ ఉంది.

పైన, దులిపి పరిచిన ఆ మంచం మీద ఆకుపచ్చ గౌను పడి ఉంది, ముడి విప్పిన నాడాలతో, వీపు తెరుచుకుని.