మిగిలిన మూడు రోజులు

సత్యలక్ష్మి పంతం పట్టిందంటే పట్టిందే. నాంపల్లిలో రైలు దిగి, ఆటోలో ఫిలింనగర్ ఎత్తెక్కి ఇల్లు చేరాక కూడా సూట్‌కేసు తాళం తీయలేదు. పాలవాడికి కబురు పెట్టలేదు. స్టవ్వు వంక కన్నెత్తి చూడలేదు.

"పది రోజుల సెలవన్నారు. ఇవాళ ఎనిమిదో రోజు. నా మట్టుకు నేనింకా భీమిలిలోనే ఉన్నాను," అంది మొగుడితో.

ఆ మొగుడు త్రినాథరావు సినిమా సెట్ల కోసం పెద్ద పెద్ద తెరల మీద కొండలూ కోనలూ సముద్రాలూ గీసే మనిషి. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. ఎన్ని సముద్రాలు గీశాడో లెక్కలేదు గానీ, పెళ్ళాన్ని సముద్రానికి తీసుకెళ్ళిన పాపాన పోలేదు. గోళ్ళలో ఎర్రరంగుతో ఇంటికొచ్చిన ప్రతిసారీ సత్యలక్ష్మి అడిగేది, "నీళ్ళలోంచి సూర్యుడు నిజంగా అంత ఎర్రగా లేస్తాడా?" అని. "ఏమో, నేనూ క్యాలెండర్లో చూసి వేస్తున్నవాణ్ణే," అనేవాడు ఆ మహానుభావుడు.

చివరికి ఈ ఏడు, 1988 దసరాకి, కదిలాడు. భీమిలి ఒడ్డున గది తీసుకున్నారు. ముంత కింద పప్పు తిన్నారు, ఉప్పునీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి కేకలు పెట్టారు. అన్నీ బాగున్నాయి, సూర్యుడు తప్ప. మొదటి రోజు బడలికతో లేవలేదు. తర్వాత ఆరు రోజులూ తెల్లారగట్ల అయిదింటికే ఆవిడ మొగుణ్ణి లేపి ఒడ్డుకు లాక్కెళ్ళింది. ఆరు రోజులూ మబ్బే. "రేపటికి విడిపోద్దమ్మా," అన్నాడు టీ కొట్టాయన ఏడో రోజు. ఆ మధ్యాహ్నమే ట్రంక్ కాల్ వచ్చింది.

ఫోన్లో ప్రొడక్షన్ మేనేజరు పట్టాభిరామయ్య. హీరోయిన్ డేట్లు మారాయట. ఎల్లుండే షూటింగట. విశాఖ బీచి సెట్టు వేస్తున్నారు, త్రినాథరావు వస్తే గాని సముద్రం రాదట.

"ఇక్కడ ఇంత సముద్రం పెట్టుకుని, ఫిలింనగర్‌లో ఇంకోటి గీయడానికి వెళ్ళాలా?" అంది సత్యలక్ష్మి. విసవిసా సూట్‌కేసు సర్ది తాళం వేసింది.

అదీ సంగతి. అందుకే త్రినాథరావు స్నానం చేసి స్టూడియోకి బయల్దేరుతుంటే, ఆవిడా చాపా, వేయించిన వేరుశెనక్కాయల పొట్లమూ పట్టుకుని వెంట నడిచింది. బీచిలో గడపాల్సిన రోజులు బీచిలోనే గడుపుతుందట.

షెడ్డులో లారీల కొద్దీ ఇసుక పోశారు. సగం నరికిన కొబ్బరిచెట్లు నాలుగు పాతారు. సత్యలక్ష్మి ఇసుకలో చాప పరుచుకుని, చెప్పులు విడిచి కూర్చుంది. కోపం కోపమే గానీ, మొగుడి చేతిపనిని చూస్తే ముచ్చటేసింది. మునుపు సముద్రమంటే నీలంరంగు డబ్బా ఒంపేసేవాడు. ఇప్పుడు ఒడ్డు దగ్గర నీళ్ళకి పల్చటి టీ రంగు వేశాడు. చూసొచ్చినవాడి సముద్రం అది. ఆవిడకి తెలియకుండానే మొహం విచ్చుకుంది.

సాయంత్రానికి తెర పూర్తయింది. లైట్‌మన్ శ్రీనివాసులు తెర వెనక గుండ్రటి లైటొకటి కప్పీ మీదుగా వేసిన తాడుకు కట్టి, మెల్లగా కిందికి దించి చూశాడు. ఎర్రటి సూర్యుడు సముద్రంలో మునిగిపోయాడు.

"ఆగండాగండి!" సత్యలక్ష్మి లేచి నిలబడింది. "విశాఖలో సూర్యుడు సముద్రంలో మునగడమేమిటి? మన సముద్రం తూర్పున కదా! లేస్తాడు గాని మునగడు."

పట్టాభిరామయ్య తల గోక్కున్నాడు. "అమ్మా, సినిమాలో సూర్యుడు డైరెక్టరు గారు చెప్పినచోటే మునుగుతాడమ్మా. ఆయన సాయంత్రమన్నారు."

"లేచేవాణ్ణి చూడనివ్వకుండా లాక్కొచ్చి, మునిగేవాణ్ణి చూపిస్తున్నారు నాకు," అందావిడ. నవ్వుతూ అనబోయింది గానీ నవ్వు రాలేదు. త్రినాథరావు కుంచె కడుగుతూ తల వంచుకున్నాడు. ఆ రాత్రి హోటలు నుంచి తెచ్చిన ఇడ్లీలు తిని పడుకున్నారు.

తొమ్మిదో రోజు తెల్లారగట్ల ఎవరో భుజం తట్టారు.

"లే సత్యా. మబ్బు లేదివాళ."

"ఎక్కడ?" అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే.

"భీమిలిలో."

చలిలో బండరాళ్ళ పక్క దారిన నడిచి స్టూడియో చేరారు. షేక్‌పేట నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చిన శ్రీనివాసులు అప్పటికే తాడు పట్టుకుని ఉన్నాడు. "గింత పొద్దుగాల సూర్యుడే లేవడక్కా, నన్ను లెవ్వమని నిన్ననే చెప్పిండు మీ ఆయన," అని తెర వెనక్కి పోయాడు.

షెడ్డులో చీకటి. త్రినాథరావు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఇసుకలో ఆవిడ పక్కన నిలబడ్డాడు, అచ్చం భీమిలిలో నిలబడ్డట్టే. "కానీ!" అని కేకేశాడు.

నీటి అంచున ఎర్రటి గీత పడింది. గీత వెడల్పయింది. టీ రంగు నీళ్ళ మీంచి సూర్యుడు నిదానంగా లేచాడు, సగం లేచాడు, ఆగిపోయాడు. తెర వెనక కప్పీ కీచుమంది.

"జర ఆగక్కా, మబ్బు పట్టింది!" అని అరిచాడు శ్రీనివాసులు.

సత్యలక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా, మొగుడి భుజం పట్టుకుని నవ్వింది. ఈలోగా తాడు కదిలి సూర్యుడు నిండుగా పైకొచ్చాడు. నవ్వుతూనే ఆవిడ చేతులు జోడించింది. లైటని తెలుసు, గుడ్డని తెలుసు, అయినా జోడించింది. పక్కకి చూస్తే, త్రినాథరావూ జోడించి ఉన్నాడు.

"ఇంత ఎర్రగానే ఉంటాడంటారా?" అంది.

"ఏమో. వచ్చే దసరాకి చూసొద్దాం."

ఆవిడ చాప పరిచి, పొట్లం విప్పి కూర్చుంది. సెలవింకా ఒక రోజుంది.

"శ్రీనివాసులూ," అని కేకేసింది తెర వైపు, "రేపు మబ్బు పట్టదు కదా?"

"ఫికర్ జెయ్యకక్కా! కప్పీకి నూనె రాస్త!"