బొటనవేలు బయట

జలపతి తన జీపుకు ట్రాక్టరు టైర్లు ఎక్కించి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లూ దాని స్టీరింగ్ తిప్పింది నేనే. మేడిపల్లిలో జలపతికి నాలుగు వరికోత మిషన్లున్నాయి. అవి బురద పొలాల్లో ఉన్నప్పుడు వాటికి డీజిల్ డ్రమ్ములు, బెల్టులు, బేరింగులు చేరవెయ్యాలి. మామూలు బండి దిగబడే చోటికి పోవాలంటే అంత లావు టైర్లు కావాలి. బండి పోయేది. వాటిని తిప్పే మనిషి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

మొదటి ఏడే, వెల్గటూరు దగ్గర ఒడ్డు దిగుతుంటే చక్రం రాయికి తగిలి స్టీరింగ్ గిర్రున తిరిగింది. నా బొటనవేలు కమ్మీల లోపల ఉంది. విరిగింది. ఆనాటి నుంచి స్టీరింగ్ ఎప్పుడు పట్టినా వేలు బయటే. ఆరో తరగతిలో బడి మాని సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల మీద పడ్డవాణ్ణి నేను. నాకంటూ వచ్చిన చదువు ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఈ ఏడు కుడి భుజం పోయింది. జగిత్యాల డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, స్టీరింగ్ మానుకోమన్నాడు. మానుకుంటే తినేదేమిటో చీటీ మీద రాయలేదు.

"మల్ల సాంచ నడుపుతవా?" అంది నా భార్య సత్యవ్వ. నేను పనిచేసిన సాంచాల షెడ్డులో ఇప్పుడు సిమెంటు బస్తాలు అమ్ముతున్నారు. అది దానికీ తెలుసు.

జలపతి దగ్గరికి పోయాను. "సారూ, స్టీరింగ్‌కు ఆయిల్ పంపు పెట్టిద్దాం. చేత గాట్లేదు."

"ఆరేండ్ల సంది లేని నొప్పి గిప్పుడెట్లచ్చిందే బాలయ్యా? తిండి తగ్గించినవా?"

మూడుసార్లు అడిగాను. నాలుగోసారి అడగక్కరలేకపోయింది. ఓ పొద్దున నేను రాకముందే జీపును వాకిట్లో తిప్పబోయి జలపతి తానే గోడకు గుద్దాడు. మర్నాడే కోరుట్లకు పొమ్మన్నాడు.

కోరుట్లలో బుర్హానుద్దీన్ షెడ్డు ఉంది. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు ఇసుకలో తిరిగే పెద్ద టైర్ల బండ్లకు ఇదే పని చేసి వచ్చిన మనిషి. పాత లారీది పంపు, స్టీరింగ్ బాక్సు సంపాదించాడు. ముందు చక్రాలను కలిపే రాడ్డుకు ఒక సిలిండర్ బిగించాడు. బాక్సు నుంచి దానికి రెండు నూనె పైపులు.

"నువ్వు సైగ జేస్తే సాలు భాయ్. నూకుడు నూనె జూస్కుంటది."

నాలుగో రోజు ముందు చక్రాలను జాకీ మీద లేపి నన్ను ఎక్కమన్నాడు. ఇంజన్ పెట్టి కొద్దిగా కుడికి తిప్పాను. చక్రాలు ఎడమకు కొట్టుకున్నాయి. స్టీరింగ్ చేతిలోంచి గుంజుకుని ఎడమ చివరికి పోయి ఆగింది. వేలు బయట ఉంది గనుక మిగిలింది.

బుర్హానుద్దీన్ కింద దూరి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పైపులు అటుది ఇటు బెట్టిన. ఆడ స్టీరింగ్ ఎడమ దిక్కుంటది గద భాయ్, చేతులకు గదే అలవాటు."

"మనిషివి వచ్చి నాలుగేండ్లాయె. చేతులు ఇంక రాలేదా?"

"వాటి వీసా ఖతం గాలే!"

నవ్వుకుంటూనే పైపులు మార్చాడు. జీపును నేల మీదికి దింపి మళ్లీ ఎక్కాను. ఒక వేలితో తిప్పాను. అంత లావు టైర్లు దూడలాగా చెప్పినట్టు విన్నాయి. భుజం కలుక్కుమనలేదు. ఇంకో పదేళ్లు తోలవచ్చనుకున్నాను. నాకు పని అడగడం వచ్చు గాని, అడిగినదాని వెనకేముందో చూడటం రాదు.

మధ్యాహ్నం జలపతి తన బిడ్డ అనూషతో కారులో వచ్చాడు. తాను ఎక్కి షెడ్డు ముందు రెండు చుట్లు కొట్టాడు. తర్వాత అనూష ఎక్కింది. డిగ్రీ అయి ఇంట్లో ఉంటున్న పిల్ల, కారు తోలుతుంది. ఒంటి చేత్తో తిప్పింది.

"బాలయ్య కాకా, గిదేంది గింత అల్కగున్నది!"

జలపతి ముఖం చూశాను. లెక్క తేలిన ముఖం.

"గిట్లయితే డీజిల్ డ్రమ్ము మా అనూషనే తీస్కవోతది. నువ్వు ఇగ రెస్టు తీస్కో బాలయ్యా. భుజం భుజం అంటుంటివి గద."

"బాపూ, కాకాకు ఇంకేమన్న పని జూడు," అంది అనూష.

"జూద్దాం తియ్."

తాళంచెవి ఆ పిల్ల దగ్గరే ఉంది. కిటికీ దగ్గరికి పోయి, "బిడ్డా, బొటనవేలు కమ్మీల లోపట పెట్టకు. బయట పెట్టు. రాయి తగిల్తే ఇర్గుతది," అన్నాను. ఆ పిల్ల వెంటనే వేలు బయటికి తీసింది.

"గిప్పుడు గూడ గదేనా?" అని జలపతి బుర్హానుద్దీన్‌ను అడిగాడు.

ఆయన నా వైపు చూడలేదు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, తుడిచిందే తుడుచుకున్నాడు. "అవసరం పడది సారూ. దెబ్బ నూనె మీదికి పోతది. చేతి దాక రాదు."

ముందు కారు, వెనక జీపు పోయాయి. బుర్హానుద్దీన్ స్టూలు జరిపాడు.

"పైపులు ఉల్టనే ఉంచుతే బాగుండు గద భాయ్?"

"నీ చేతులకున్న తెలివి నీకు లేదు," అన్నాను. "చాయ్ తెప్పియ్."

తాగి, జగిత్యాల బస్సెక్కాను. సీటు లేదు. కుడి చెయ్యి పైకి లేవదు గనుక ఎడమ చేత్తో పై కమ్మీ పట్టుకున్నాను. ఊరు దాటాక గుంతలో బస్సు ఎగిరింది, అందరూ తూలారు. పైకి చూస్తే నాలుగు వేళ్లే కమ్మీని పట్టుకుని ఉన్నాయి. బొటనవేలు బయటే ఉంది.