కార్బురేటర్ల తప్పు

మా అమ్మ మోటార్‌సైకిలుకు రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. దేని పెట్రోలు దానిది, దేని గాలి దానిది. వేరుకాపురం పెట్టిన తోడికోడళ్లలా ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి గానీ ఒకరి సామాను ఒకరికి పనికిరాదు. ఈ సంగతి మెకానిక్కులందరికీ తెలుసు. అందుకే ఒకటి విప్పి, కడిగి, మళ్లీ బిగించాకే రెండోదాని మీద చెయ్యి వేస్తారు. మా అమ్మ రెండూ ఒకేసారి విప్పి, అన్నీ ఒకే బేసిన్లో పోసి కడిగింది.

ఆమెకు అరవయ్యెనిమిదేళ్లు. ఇంటింటికీ వెళ్లి కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. వీధిలో ఎవరినడిగినా మిషనక్క ఇల్లు చూపిస్తారు. పనిముట్ల పెట్టె వెనక కట్టుకుని నలభై నాలుగేళ్లుగా ఆ బండి మీదే తిరుగుతోంది. కుట్టుమిషను విప్పగలిగిన చేతికి లోకంలో విప్పలేనిది లేదని ఆమె నమ్మకం. విప్పడం వరకు అది నిజమే.

రెండు నెలలుగా బండి స్టార్టు కావడానికి మొరాయిస్తోంది. పది కిక్కులు కొట్టాలి, ఒక్కోసారి పదిహేను. అయినా లేవకపోతే వీధి చివర వాలు దాకా తోసుకెళ్లి, దొర్లించి, గేరు వేసి లేపుకునేది. కార్బురేటర్లలో చెత్త చేరిందని ఆమె తీర్మానించేసింది. మామూలుగా అయితే అలాగే నెట్టుకొచ్చేదేమో. కానీ గురువారం పదకొండింటికి తనిఖీ పడింది. పాత బళ్లను ఐదేళ్లకోసారి రవాణా ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి. బండి ఎవరి పేరున ఉందో వాళ్లే అధికారి ఎదుట స్టార్టు చేసి, ఆవరణలో ఒక చుట్టు తిప్పాలి. మూడు కిక్కుల్లో లేవకపోతే నంబరు కొట్టేస్తారు. నంబరు పోయిన బండి పాత ఇనుము కిందే లెక్క. దొర్లించి లేపుదామంటే ఆ ఆవరణ చదునుగా ఉంటుంది.

అందుకని బుధవారం మధ్యాహ్నం అమ్మ కార్బురేటర్లు విప్పింది. సాయంత్రానికి బిగించింది. పది కిక్కులకైనా లేచే బండి ఇప్పుడు వాలులో దొర్లించినా దగ్గి చచ్చిపోతోంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

"ఇక అల్లుడుగార్ని పిలవాల్సిందే" అంది, నా మొహం చూడకుండా.

అల్లుడుగారు అంటే నా మాజీ మొగుడు. పాత బళ్ల విషయంలో అతన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు, అది నేనూ కాదనను. విడాకులై నాలుగేళ్లయింది. కాపురం చేసినన్నాళ్లూ 'ఆయన' అనేదాన్ని, కాగితాలు చేతికొచ్చిన రోజు నుంచి 'అతను' అంటున్నాను. అమ్మ మాత్రం పిలుపు మార్చలేదు. కోర్టు తీర్పు మొగుడూ పెళ్లాలకే గానీ అత్తా అల్లుళ్లకు వర్తించదని ఆమె వాదన.

నాకు అనుమానం వచ్చింది. కుట్టుమిషన్ల మరలు ఏ మిషనువి ఆ మిషను పక్కనే వేరువేరు మూతల్లో పెట్టుకునే మనిషి, ఇవి ఎలా కలిపేసింది?

"మా ఇద్దర్నీ ఒకచోట చేర్చాలని కావాలనే చేశావా?" అని అడిగేశాను.

"నీ కాపురం కోసం నా బండి పాడుచేసుకుంటానా?" అంది. "నీ కాపురం ఎనిమిదేళ్లు నడిచింది. నా బండి నలభై నాలుగేళ్లు నడిచింది. ఏది కాపాడుకోవాలో నాకు తెలీదా? కంగార్లో కలిసిపోయాయి, అంతే."

ఆమె కంగారుపడటం నేనెప్పుడూ చూడలేదు. అందుకే మాట పొడిగించకుండా ఫోను చేశాను.

గురువారం ఏడింటికల్లా అతను వచ్చాడు. అమ్మను "బాగున్నారా అత్తయ్యా" అన్నాడు, నన్ను చూసి తల ఊపాడు. బండి మెట్ల కింద ఉంటుంది. పక్కన అరల నిండా బాగుచేయడానికి వచ్చిన కుట్టుమిషన్ల తలకాయలు. వాటి మధ్య చాప పరుచుకుని కూర్చున్నాడు.

"పదకొండులోపు అవుతుందా అల్లుడుగారూ?" అంది అమ్మ.

"చూద్దాం అత్తయ్యా."

ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండి లోపలికి వెళ్లిపోయాను. ఇల్లు మారదామా అంటే చూద్దాం. డాక్టరు దగ్గరికి వెళదామా అంటే చూద్దాం. అసలు నేనంటే ఇష్టమేనా అని ఒకసారి నిలదీసినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఎనిమిదేళ్లు చూసి చూసి నేనే తీర్మానం చేసుకున్నాను.

అయినా చేతిపని చూడకుండా ఉండలేక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. పెట్రోలు కట్టేసి, గొట్టాలు లాగాడు. ఎడమ కార్బురేటరు పైమూత తిప్పి, గొట్టంలా ఉండే స్లైడును, దాని అడుగున వేలాడే సూదిని కలిపి పైకి తీశాడు. రెండు నట్లు వదులుచేసి కార్బురేటరు ఒంటిని ఊడదీశాడు. కుడిదీ అంతే. ఒకదాన్ని పాత పేపరు మీద, రెండోదాన్ని తువ్వాలు మీద పెట్టాడు. తర్వాత ఎడమదాన్నుంచి తీసిన స్లైడును తుడిచి, మళ్లీ ఎడమ ఒంట్లో జారవిడిచాడు. సగంలో పట్టేసింది. దాన్నే తీసి కుడిదాన్లో వేస్తే, మెత్తగా జారి అడుగున కూర్చుంది.

"ఇన్నేళ్లూ ఒకదాన్లో ఒకటి అరిగినవి. వేరేదాన్లో ఇమడవు" అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"అయితే నేను అటువి ఇటు కలిపేశానన్నమాట" అంది అమ్మ.

"కలిసిపోయాయిలెండి" అన్నాడు.

పెట్రోలు చిమ్మే సన్న కన్నాల జెట్లను ఒక్కొక్కటే వెలుతురుకు అడ్డంపెట్టి కన్ను చికిలించి చూశాడు. కన్నాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. "నిన్న కడిగిన పెట్రోలు పారబోశారా?" అని అడిగాడు. అమ్మ బేసిను చూపించింది. దాన్ని మెల్లగా వంచి, అడుగంతా వేలితో తడిమి, వేలు చూసుకున్నాడు. ఇసుక లేదు, తుప్పు లేదు.

"ఏమైంది?" అంది అమ్మ.

"ఏం లేదు" అన్నాడు, మళ్లీ పనిలో పడ్డాడు.

అమ్మ బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. అతను కొత్త ప్యాకింగులు వేసి రెండూ బిగించాడు. ఇక మిగిలింది రెంటినీ ఒక దారికి తేవడం. ఎక్సలేటరు తిప్పితే రెండు స్లైడ్లూ ఒకే క్షణాన లేవాలి. ఒకటి ముందు లేచిందంటే ఒక సిలిండరు లాగుతుంది, రెండోది వేలాడుతుంది. ఆ పని ఒక్కడి వల్ల కాదు.

"ఒకసారి వస్తావా?" అన్నాడు.

వెళ్లాను. ఈ పని నాకు కొత్తేం కాదు. అతను రెండు కార్బురేటర్ల నోళ్లలో చెరో వేలు పెట్టి కళ్లు మూసుకున్నాడు. నేను ఎక్సలేటరు వెంట్రుకవాసి తిప్పాను.

"మెల్లగా. ఆపు. ఎడమది ముందు లేస్తోంది."

తీగ బిగువు సర్దాడు. మళ్లీ తిప్పాను. నాలుగోసారికి రెండు వేళ్లకూ ఒకేసారి తగిలింది. లేచి ఒక్క కిక్కు కొట్టాడు, బండి లేచింది. ఇంజను వేడెక్కాక ఒక రబ్బరు గొట్టం నాకిచ్చాడు. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక్కో కార్బురేటరు దగ్గర పెట్టి, గాలి పీల్చే చప్పుడు పోల్చాను.

"కుడిది ఎక్కువ" అన్నాను.

స్క్రూ పావుచుట్టు తిప్పాడు.

"ఇంకా ఎక్కువే. ఆఁ, ఇప్పుడు సమానం."

గాలి స్క్రూలు కూడా సరిచేశాడు. తడబాటు పోయి ఇంజను ఒకే తీరున కొట్టుకుంటోంది. ఆ పావుగంటా నాకు అతని మీద కోపం లేదు. తర్వాత వచ్చింది.

ఇంజను ఆపి, "నువ్వు కొట్టు" అన్నాడు. రెండో కిక్కుకు లేచింది. మళ్లీ ఆపాడు. అప్పటికి అమ్మ ఇస్త్రీ బట్టలతో తయారై వచ్చింది. బండి చప్పుడు లోపలికి వినిపించిందట, మొహం వెలిగిపోతోంది. ఎక్కి కూర్చుని కిక్కు కొట్టింది. లేవలేదు. మళ్లీ కొట్టింది. కిక్కురాడు సగం దాకా దిగి ఆగిపోతోంది. ఇంజను వేడిగా ఉంది, పెట్రోలు అందుతోంది, అయినా చప్పుడు లేదు. ఎనిమిదో కిక్కుకు ఆమె మోకాలు వణకడం నాకు కనిపించింది. అతనికీ కనిపించింది.

"ఇంకా ఏదో ఉంది" అంది అమ్మ ఆయాసపడుతూ. "ఎడమదాన్లో సూది ఒక మెట్టు పైకెత్తండి అల్లుడుగారూ."

జీవితంలో మొదటిసారి, అతను 'చూద్దాం' అంటే బాగుండునని కోరుకున్నాను. ఉత్తుత్తిగానైనా ఒక స్క్రూ తిప్పితే బాగుండును. అతను చేతులు తుడుచుకుని, బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కార్బురేటర్లలో ఏమీ లేదు అత్తయ్యా. మీరు విప్పకముందు కూడా లేదు. మీ కాల్లో బలం తగ్గింది."

నాకు అతని నోరు మూసేయాలనిపించింది. నేను ప్రాధేయపడ్డా దొరకని సూటి మాట ఇన్నాళ్లకు ఇక్కడ ఖర్చుపెట్టాడు. కోపంతో పాటు కాస్త కుళ్లు కూడా కలిగింది, ఒప్పుకుంటాను.

అమ్మ హ్యాండిలు మీంచి చేతులు తీసింది. ఆమెకు ముందే తెలుసేమో, నేనడగలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నానన్నమాట" అంది. "మరి ఇప్పుడేం చెయ్యాలి? సెల్ఫు స్టార్టరు లాంటిదేమైనా పడుతుందా దీనికి?"

"నెల టైముంటే ఏదో ఒకటి చేసేవాణ్ని. పదకొండుకు కాదు" అన్నాడు. "కానీ బండిని వేరేవాళ్ల పేరుకు మార్చుకోవచ్చు. అక్కడే, రవాణా ఆఫీసు కౌంటర్లోనే. పదిన్నర దాకా తీసుకుంటారు. అప్పుడు కొత్త పేరువాళ్లు స్టార్టు చేస్తే చాలు."

గోడ గడియారంలో తొమ్మిది నలభై. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. దిగి లోపలికి వెళ్లి బండి కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. వద్దనడానికి నోరు తెరిచాను గానీ, వద్దంటే బండి పోతుంది.

"పొద్దున ఎనిమిదికి నన్ను పనికి దింపాలి. నీ కళ్లజోళ్ల దుకాణం పదింటికి కదా తెరిచేది" అంది. "సాయంత్రం కూడా రావాలి."

"వస్తాను" అన్నాను.

బండి లేపాను. అమ్మ వెనక ఎక్కింది. ఆ బండి మీద ఆమె వెనక కూర్చోవడం నేనెన్నడూ ఎరగను. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో వెతుక్కుంది. అతను వంగి వెనక ఫుట్‌రెస్టులు కిందికి దించి, ఆమె పాదాలు ఒక్కొక్కటే పట్టుకుని వాటి మీద పెట్టాడు.

"చేతులో?" అంది అమ్మ.

"నన్ను పట్టుకో" అన్నాను.

ముందు భుజాలు పట్టుకుంది, మలుపు తిరిగేసరికి నడుము పట్టుకుంది. దారంతా గేరు మార్చు, గేరు మార్చు అని చెవిలో అరుస్తూనే ఉంది. ఆమె చేతులు ఎంత తేలిగ్గా ఉన్నాయో నాకు ఆ రోజే తెలిసింది. ఏడుపు వచ్చింది గానీ ఎదురుగా లారీ ఉంది.

పదీ ఇరవైకి కౌంటరు దగ్గర అమ్మ సంతకం పెట్టింది. పదకొండూ పదికి మా వంతు వచ్చింది. అధికారి అట్టకు కాగితాలు బిగించుకుని నిలబడ్డాడు. మొదటి కిక్కుకు లేవలేదు. రెండోదానికి లేచింది. ఆవరణ చుట్టూ ఒకసారి తిప్పి తెచ్చి ఆపకుండా నిలబెట్టాను. అధికారి సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఇంత పాత బండి ఇంత నిదానంగా కొట్టుకోవడం ఈమధ్య వినలేదు. బండి మీదేనా?"

"నాదే" అన్నాను.

కాగితం మీద టిక్కులు పెడుతూ అధికారి పక్కనే నిలబడ్డ అమ్మను చూశాడు. ఇస్త్రీ బట్టలు, నల్లబడ్డ గోళ్లు, కళ్లు ఇంజను మీద.

"మరి మీరెవరమ్మా?"

"నేనా?" అంది అమ్మ. "వెనక కూర్చునేదాన్ని."

అధికారి తలూపి ముద్ర వేశాడు.