ఎడమ చెంప వెనక గది

వాచీలు బాగుచేసే అతన్ని అందరూ "నిమిషం" అనేవారు. ఎవరు ఏ గడియారం తెచ్చినా "ఒక్క నిమిషం, అయిపోతుంది" అనడం, వారం రోజులు ఉంచుకోవడం అతని అలవాటు. పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆఫీసుల మేడలో మెట్ల అడుగున అతని కొట్టు. నిలబడితే తల కప్పుకు తగులుతుంది. ఒక బల్ల, ఒక స్టూలు, ఒక దీపం. కంటికి భూతద్దం తగిలించుకుని రోజంతా ఆ బల్ల మీదికి వంగి కూర్చోవాలి.

ఆ వంగడమే గండమైపోయింది. జలుబు చేసి తగ్గాక కూడా ఎడమ చెంప లోపల ఏదో బరువు మిగిలిపోయింది. తల వంచితే చాలు, ఆ బరువంతా కంటి కిందికి జారి పై పళ్ల దాకా లాగేది. ఎడమవైపు ముక్కు మూసుకుపోయింది. మందుల షాపువాడు ముక్కులో వేసుకునే చుక్కలిచ్చాడు. వేసుకోగానే హాయిగా ఊపిరాడింది. మొదట్లో రోజుకు రెండుసార్లు వేసుకునేవాడు. నెల తిరిగేసరికి రెండు గంటలకోసారి కావలసి వచ్చింది. జేబులో ఆ సీసా లేకపోతే గుమ్మం దాటేవాడు కాదు.

తర్వాత వాసన మొదలైంది. కుళ్లు వాసన. బల్ల కింద ఎలుక చచ్చిందేమోనని సొరుగులన్నీ బయటికి లాగి కడిగాడు. ఇంటికెళితే ఇంట్లోనూ అదే వాసన, వీధిలోకొస్తే వీధిలోనూ అదే. తను ఎక్కడికెళితే అక్కడికి వస్తోందంటే అది తనదే అయ్యుండాలని తేల్చుకున్నాడు.

ఎవరినీ అడగలేదు. అలాంటి మాట ఎలా అడుగుతారు? రోజుకు నాలుగుసార్లు పళ్లు తోముకున్నాడు. కొట్టుకు వచ్చినవాళ్లతో మొహం పక్కకు తిప్పుకుని మాట్లాడేవాడు. కొన్నాళ్లకు అదీ మానేసి సైగలతో సరిపెట్టాడు. ఇంట్లో కంచం పట్టుకుని విడిగా ఓ మూల కూర్చునేవాడు. పడక ముందు గదిలోకి మార్చేశాడు.

అతని భార్య సిటీ బస్సులో కండక్టరు. పొద్దస్తమానం వందల మందితో గొంతు చించుకుని ఇంటికొస్తే, అక్కడ పలికే దిక్కుండేది కాదు. మొదట అలసటేమో అనుకుంది. తర్వాత తనేం తప్పు చేసిందా అని ఆలోచించుకుంది. అడిగితే ఏమీ లేదనేవాడు, అదీ నోటికి అరచెయ్యి అడ్డుపెట్టుకుని. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. కొట్టులో కూర్చుంటే కప్పు నెత్తిన కూలుతున్నట్టుండేది. ఇంటికొస్తే గదులు ఇరుకైపోయినట్టుండేది. ఎటు పోయినా తన మొహంలోంచి మాత్రం బయటపడలేడు.

ఒక మధ్యాహ్నం పాత గోడగడియారం విప్పుతూ వంగినప్పుడు నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. చేతిలోని చక్రం జారి బల్ల కిందికి దొర్లింది. దాన్ని తీయడానికి కిందికి వంగబోయి, వంగలేక, గోడకు తల ఆనించి అలాగే ఉండిపోయాడు. పక్కన బొత్తాలమ్మే ఆవిడ అది చూసి అతని భార్యకు ఫోన్ చేసింది. ఆమె యూనిఫాంలోనే వచ్చి, ఒక్క ప్రశ్న వేయకుండా, అతన్ని ముక్కూ చెవీ గొంతూ చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ నిదానస్థురాలు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా, చీమిడి ఏ రంగులో వస్తోంది అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఎడమవైపు మాత్రమే అన్నప్పుడు రాయడం ఆపింది.

"చెడు వాసనేమైనా వస్తోందా?"

అతను భార్య వైపు చూశాడు. ఆమెను కాసేపు బయట కూర్చోమనబోయి మానుకున్నాడు.

"వస్తోందండీ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "నా దగ్గర్నుంచే. అందుకే ఎవరి దగ్గరికీ పోవట్లేదు."

"మీకు తెలుస్తోందామ్మా ఆ వాసన?" అని డాక్టరమ్మ అతని భార్యను అడిగింది.

"నాకే వాసనా రాలేదండీ." ఆమె భర్త వైపు తిరిగింది. "నేనంటే మీకు విసుగొచ్చిందనుకున్నాను," అంది.



డాక్టరమ్మ అందుకుని వివరించింది. చెంప ఎముక వెనక గాలి నిండిన ఖాళీ గదుల్లాంటివి ఉంటాయట, వాటినే సైనస్‌లంటారట. జలుబు చేస్తే వాటి దారి వాచి మూసుకుంటుందట. చాలామందికి పదిరోజుల్లో దానంతటదే తెరుచుకుంటుందట. అతనికి మాత్రం లోపల చీము పట్టి ఉంటుందని, వాసన అక్కడిదే కాబట్టి ఎక్కువగా అతనికే తెలుస్తోందని చెప్పింది. చుక్కల సీసా చూసి తల అడ్డంగా ఊపింది. అవి నాలుగైదు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం తగ్గినప్పుడల్లా ముక్కు మరింత వాస్తుందట.

స్కానులో అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో పుచ్చితే సిమెంటు పెట్టించుకున్న పై దవడ పన్ను లోపల్లోపల చచ్చిపోయింది. దాని వేరు చివర చీము పట్టి సైనస్‌లోకి ఎక్కింది. నరం చచ్చిన పన్ను కావడంతో అది పెద్దగా నొప్పి పెట్టలేదు. ఆ పన్ను సంగతి చూడకుండా ఎన్ని మందులు మింగినా జబ్బు మళ్లీ మొదటికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

పళ్ల డాక్టరు పన్ను పీకేశాడు. చీముకు మాత్రలు, వాపుకు ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చారు. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి పూటపూటకూ ముక్కు కడుక్కోమన్నారు. అన్నిటికన్నా కష్టమైంది చుక్కలు మానడం. వారం రోజులు రెండువైపులా ముక్కు బిగదీసుకుని, నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తూ తిరిగాడు. సీసా ఇవ్వమని భార్యను బతిమాలాడు. ఆమె అప్పటికే దాన్ని బస్సు డిపోలో తన పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"ఒక్క నిమిషం ఓర్చుకోండి, అయిపోతుంది," అంది.

అంత బాధలోనూ అతనికి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమె ముందు నోటికి చెయ్యి అడ్డుపెట్టుకోకుండా నవ్వాడు.

మూడో వారానికి వాసన పోయింది. బల్ల మీదికి వంగితే చెంప లాగడం లేదు. రెండు నెలల తర్వాత మళ్లీ స్కాను తీశారు. సైనస్ చాలామటుకు ఖాళీ అయిందని, అడుగున కొద్దిగా వాపుందని, ఆపరేషన్ అక్కర్లేదని, ముక్కు కడగడం మాత్రం ఇంకొన్నాళ్లు మానొద్దని డాక్టరమ్మ చెప్పింది.

అతని భార్య కోపం మాత్రం అంత త్వరగా తగ్గలేదు. అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి "ఎనిమిది నెలలు" అనేది. అతను కంచం ఇంకాస్త ఆమె దగ్గరికి జరుపుకునేవాడు.