నడిమి రేకు

ఆయన గొంతు ఒక యంత్రం. వైద్యులు స్వరపేటికను తొలగించిన నాటి నుండి ఏడేళ్లుగా, గుప్పెడంత ఆ పరికరాన్ని మెడకు ఆనించి మీట నొక్కితేనే మాట వెలువడేది. భార్యకు చూపు లేదు. నాలుగో అంతస్తులోని ఆ రెండు గదుల ఇంట్లో ఇద్దరినీ కలిపేది ఆ గరగర స్వరమొక్కటే.

ఆ ఉదయం మాటామాటా పెరిగింది. "అక్షరం ముక్క రానిదానివి, నీకేం తెలుసు!" అని ఆయన విసురుగా కుర్చీని వెనక్కి నెట్టారు. దాని చక్రం ఛార్జరు పిన్నును నుగ్గు చేసింది. అప్పటికే ఛార్జు అయిపోవచ్చిన యంత్రం మరుక్షణమే మూగబోయింది. ఆమె చెవిలో మిగిలిన ఆఖరి మాట అదే.

ఆమె దుకాణానికి ఫోను చేసింది.

"ఆ మోడల్ ఎప్పుడో ఆపేశారమ్మా. ఛార్జరు తెప్పించాలంటే మూడు వారాలు."

"మూడు వారాలట. ఇల్లు ప్రశాంతంగా ఉంటుందిలెండి," అన్నది ఆమె. నవ్వలేదు. కాసేపటికి చేయి చాచింది. "ఏదీ, ఇటివ్వండి."

ముప్ఫై యేళ్లు ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టిన ఆమె వేళ్లు పిన్నును తడిమాయి. "తీగలు రెండూ ఊడొచ్చాయి. పిన్ను తొడుగు పగిలి లోపలి రేకులు బయటపడ్డాయి. నడిమిదొకటి, చుట్టూ ఉన్నదొకటి. ఏ తీగ దేనికో తప్పితే మీ గొంతు కాలిపోతుంది. గ్లాసుడు ఉప్పునీళ్లలో రెండు కొసలూ ఎడంగా ముంచి స్విచ్చి వెయ్యండి. బుడగలెక్కువ వచ్చేది ఋణం తీగ, అంటే మైనస్. స్విచ్చి ఆపాక దాన్ని నా కుడిచేతికివ్వండి."

ఆయన అలాగే చేశారు. ఒక కొస చుట్టూ బుడగలు ముసురుకున్నాయి. ఆ తీగను ఆమె కుడిచేతిలో పెట్టారు.

"ఇది బయటి రేకుకి. రెండోది నడిమిదానికి. నడిమిది ఎప్పుడూ ధనమే, నేను చూసినవన్నీ అంతే."

యంత్రం అడుగున చిన్న బొమ్మ ఉన్నది: వలయం, నడుమ చుక్క, చుక్క నుండి సాగిన గీత చివర ఋణచిహ్నం. అంటే ఇందులో నడిమిదే ఋణం. ముద్రణాలయంలో నలభై యేళ్లు తప్పులు దిద్దిన కన్ను ఈ తప్పునూ పట్టుకున్నది. చెప్పడానికి గొంతే లేదు. తానే ముడి వేద్దామంటే చేతులకు వణుకు. చప్పున ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"వదలండి! పొద్దున నోరు చేసుకున్నది చాలదా?"

ఆయన ఆమె అరచేయి తెరిచి 'ఆగు' అని వ్రాశారు.

"ఏమిటీ గోకుడు? నాకు చదువు రాదుగా. మీరేగా అన్నారు."

చూపున్న రోజుల్లో అక్షరాలు నేర్పమని ఆమె రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన "రేపు" అన్నారు. ఆ 'రేపు'లే ఇప్పుడు గోడలై నాలుగు వైపులా నిలిచాయి. ఎటు తిరిగినా తాను కట్టిన గోడే.

ఆమె రెండో తీగను నడిమి రేకు రంధ్రంలోకి దూర్చబోయింది. ఆయన ఆమె వేలిని పట్టి రేకు మీదనే ఆపి, అరచేతిలో గోటితో ఒక్క అడ్డగీత గీశారు. మళ్లీ అదే గీత. మళ్లీ.

ఆమె చేయి నిశ్చలమైంది. "ఒక్క గీత... కార్ఖానాలో మాకు నేర్పిన చదువంతా ధనం, ఋణం గుర్తులే. నడిమిది ఋణమా?"

ఆయన చేయి నొక్కారు.

"నిజంగా?"

మరింత గట్టిగా నొక్కారు.

"తలతిక్క యంత్రం. యజమానికి తగ్గదే!"

ఆమె తీగలు మార్చి, మెలిపెట్టి, టేపు చుట్టింది. ఆయన స్విచ్చి వేశారు. యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది.

"వెలిగిందా?" ఒక నొక్కు. "ఎన్ని గంటలు పడుతుంది?" నాలుగు నొక్కులు.

నాలుగు గంటలు! పొద్దుటి మాట ఇంకా గదిలోనే ఉన్నది. దానితో అంతసేపు కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. ఆమె అరచేతిని ఒళ్లోకి తీసుకుని, వేలితో నెమ్మదిగా 'అ' వ్రాశారు.

"ఇదేమిటి, తీగ చుట్టినట్టుందే?"

మళ్లీ వ్రాశారు. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు.

"చుట్టడమైతే నాకు వచ్చు. మెల్లగా గీయండి," అన్నది. ఆపై అడిగింది. "పొద్దుటి మాటకి జవాబు చెప్పాలంటే ఇలాంటి అక్షరాలు ఎన్ని కావాలి?"