పుట్టిన ఊరు, తాగిన నీళ్ళు

పద్నాలుగేళ్ళ ఆశా కార్యకర్త కొలువులో సౌందర్య ఎన్ని సంతకాలు పెట్టిందో ఆ పోచమ్మ తల్లికే ఎరుక. ఏఎన్ఎం నర్సు రేణుకమ్మ పెన్సిలుతో టిక్కు కొట్టి కాగితం జరుపుతుంది, ఆశాలు ఆ టిక్కు పక్కన పేరు రాస్తారు. చదివేది లేదు, అడిగేది లేదు. చదివితే పొద్దు పోతుంది, అడిగితే రేణుకమ్మ మొహం మాడుతుంది.

ఆ బుధవారం రెంజల్ దవాఖానలో కూడా అలాగే కాగితం జరిగి వచ్చింది. సౌందర్య పెన్ను తీసింది గాని, పైన తన ఊరి పేరు పొన్నగాం అని కనబడేసరికి చెయ్యి ఆగింది.

"గిదేం కాయిదం అక్కా?"

"సర్వేది. మూడేండ్ల సంది పుట్టిన పిల్లల బరువులు. నీ ఊరి పుట్టుకలు కరెక్టే అని సంతకం. శుక్రారం నిజామాబాదుల మీటింగున్నది. పెట్టు జల్ది, బస్సు పోతది నాకు."

సర్వే అంటే మామూలు సర్వే కాదు. పొన్నగాం పక్క వాగులోకి పైనున్న స్పిరిట్ ఫ్యాక్టరీ నాలుగేళ్ళుగా మురుగు వదులుతుంది. నిరుడు బోర్లలో నీళ్ళు డికాక్షన్ రంగుకు తిరిగి, కుళ్ళిన చెరుకు పిప్పి వాసన కొట్టాయి. ఊరంతా రోడ్డెక్కితే, సర్వే తేలేదాకా అని ట్యాంకర్ పంపారు. ఎనిమిది నెలలుగా ఊరు తాగేది ఆ ట్యాంకర్ నీళ్ళే. సౌందర్య కోడలు అంకిత తాగేదీ అవే. అంకితకు ఇప్పుడు నాలుగో నెల. మొదటి కాన్పు బిడ్డ దక్కలేదు. ఈ కడుపైనా నిలవాలని అత్తాకోడళ్ళిద్దరూ మొక్కని దేవుడు లేడు.

ఆ గదిలోనే లెక్కల పిల్లవాడు అఖిలేష్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. సిటీ నుంచి వచ్చిన సర్వే బృందంలో అంకెల పని అతనిది. మంచివాడే, ఆశాలను 'అక్కా' అని పిలుస్తాడు.

"ఏం తేలింది సారూ?" అంది సౌందర్య.

అతను తెర ఇటు తిప్పాడు. ఊళ్ళను నాలుగు గుంపులు చేసి పెట్టిన నాలుగు చుక్కలు, వాటి మీదుగా ఒక గీత. "అడ్డంగా ఉన్నది వాగు నుంచి ఊరి దూరం అక్కా. ఈ చివర మీ ఊరు, ఆ చివర కెనాల్ నీళ్ళు తాగే వర్ని వైపు ఊళ్ళు. నిలువుగా ఉన్నది నూటికి ఎందరు పిల్లలు రెండున్నర కిలోల కన్నా తక్కువ పుట్టారని. నీళ్ళ వల్లే అయితే దూరం పోయే కొద్దీ గీత కిందికి దిగాలి. మీ దగ్గర పంతొమ్మిది, మధ్యలో ఇరవై, ఇరవై, వర్ని దగ్గర ఇరవై ఒకటి. దిగలేదు."

"దిగకపోతే?"

"సంబంధం లేదని రిపోర్టు. ఒకటో తారీకు నుంచి ట్యాంకర్ ఉండదు."

సౌందర్యకు ఒళ్ళు మండింది. ఊళ్ళో సన్నపిల్లలను తన చేతులతో తూచింది కదా! ఆ చేతులు అబద్ధమా, ఈ గీత అబద్ధమా? "వర్ని వాళ్ళ పేర్లు చూపెట్టు" అంది. అతను నసిగాడు. "చూపెట్టవయ్యా, గా పిల్లల బరువులు రాసిందంత మేమే గదా!"

జాబితా తెరుచుకుంది. వేలు పెట్టి ఒక్కొక్క వరుసా దిగింది. పద్నాలుగో వరుస. 'అంకిత బిడ్డ. మగ. ఒక కిలో ఆరు వందల గ్రాములు.'

ఆ బిడ్డ పన్నెండు రోజులు బతికాడు. ఇరవై ఒకటో రోజు పేరు పెడదామనుకున్నారు, అంతదాకా ఆగలేదు. పేరు లేదు కాబట్టే కాగితంలో 'అంకిత బిడ్డ'.

"గీడు నా మనుమడు" అంది. "గీడు వర్నోడు ఎట్లయితడు?"

"అక్కడే పుట్టాడు కదా అక్కా. అది... తల్లిగారి ఊరా?"

"తొలిసూరు కాన్పు తల్లిగారింట్ల గాకుంటే ఏడ జేస్తరు సారూ? ఏడో నెల నిండంగనే వాళ్ళవ్వ వచ్చి తోలుకపోయింది. ఏడు నెలలు తాగింది మాత్రం మా బోరు నీళ్ళు!"

సౌందర్య ఆగలేదు. వర్ని జాబితాలో ఇంకో నలుగురు పొన్నగాం కోడళ్ళు దొరికారు. పొన్నగాం జాబితాలో చూస్తే, ఎక్కడెక్కడో కాపురం చేసి పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల బిడ్డలు, మూడు కిలోల బొద్దు పిల్లలు, వరుసగా కూర్చుని ఉన్నారు. ఈ ఊరి సన్నపిల్లలు అటు పోయారు, ఆ ఊళ్ళ దొడ్డుపిల్లలు ఇటొచ్చారు. ఉప్పెక్కువైన చారు, చప్పటి చారు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోస్తూ ఉంటే రెండూ ఒక్క రుచికి రాక ఏమవుతాయి?

తప్పు సిటీ వాళ్ళది ఒక్కటే అయితే తిట్టి ఊరుకునేది. కానీ గర్భిణి పుట్టింటికి పోగానే రిజిస్టర్లో ఆమె వరుస మీద ఎర్రగీత కొట్టి 'పోయింది' అని రాసేది తనే. పద్నాలుగేళ్ళుగా అదే అలవాటు. తన కోడలి వరుస మీద కూడా తన చేతితోనే కొట్టింది. ఛీ, ఈ చెయ్యి విరగ, అనుకుంది.

"సంతకం పెట్టనక్కా" అని పెన్ను మూసింది.

రేణుకమ్మ అదిరిపడింది. "పాగల్ అయినవా? ఫార్మాట్ల పుట్టిన ఊరే ఉన్నది. పైనోళ్ళు అడిగితే నన్ను బద్నాం చేస్తవా?"

"నువ్వు చెప్పు, సౌందర్య పెట్టలేదని. నా పేరే చెప్పు."

ఆ మధ్యాహ్నం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. సర్వేలో ఉన్నవి ఇరవై రెండు ఊళ్ళు, ప్రతి ఊరికీ ఒక ఆశా, అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. పండుగ శుభాకాంక్షలు, డ్యూటీ తిట్లు తప్ప ఇంకేమీ రాని ఆ గ్రూపులో సౌందర్య ఒక్క ప్రశ్న పెట్టింది. మీ జాబితాలో ఉన్న ఒక్కో తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏడు నెలలు ఏ ఊరి నీళ్ళు తాగింది? ముందుగా వర్ని వైపు ఆశా శిరీష ఫోన్ చేసింది. "అక్కా, నా ఊరి పేరు ఖరాబైతుందని మూడేండ్ల సంది మీటింగుల తిట్లు తింటున్న. గా సన్నపిల్లలందరు మీ కోడండ్లేనా? ఆగు, రేపటి వరకు అందరివి రాసిస్త!" ఆమె పంపాక మిగతావాళ్ళూ ఒక్కొక్కరే పంపారు. ఆశాలకు తెలియని కాపురం ఏ ఊళ్ళో ఉంది కనుక?

గురువారం పొద్దుగూకేసరికి ఆరువందల నలభై వరుసలు అఖిలేష్ ముందున్నాయి. "మా సార్ ఒప్పుకోరక్కా, నా ఉద్యోగం పోతుంది" అంటూనే లెక్క మళ్ళీ కట్టడానికి కూర్చున్నాడు. ఏడింటికి సౌందర్య ఫోన్‌కు బొమ్మ వచ్చింది. ముప్పై, ఇరవై రెండు, పదహారు, పన్నెండు. గీత మెట్లు దిగినట్టు దిగింది. సౌందర్యకు సంతోషమూ కలిగింది, ఆ సంతోషానికి సిగ్గూ వేసింది. ఆ ముప్పైలో తన ఇంటివాడు ఒకడు.

శుక్రవారం నిజామాబాద్ మీటింగు హాల్లో ఆశాలను గోడ పక్క కుర్చీల్లో కూర్చోబెట్టారు. సర్వే పెద్ద డాక్టర్ రాజారాం. తలపండిన మనిషి, మాట నిదానం. చాపలా పరుచుకున్న పాత గీతనే తెర మీద వేసి, సంబంధం లేదని తేల్చేశాడు. ట్యాంకర్ సంగతి తేల్చాల్సిన జిల్లా అధికారి మేడం తల ఊపుతూ ఫైలు మూయబోయింది.

సౌందర్య లేచింది. "మేడం, గా గీత తప్పు. అఖిలేష్ సారు కాడ ఇంకోటున్నది, అది ఏయమనుండ్రి."

"ఆశాలు మధ్యలో మాట్లాడొద్దమ్మా" అన్నాడు రాజారాం.

"పిల్లల్ని తూకమేసేటప్పుడు మాట్లాడొచ్చు గని, గిప్పుడు మాట్లాడొద్దా?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మేడం "వేయండి" అంది. అఖిలేష్ తన పెద్దసారు వైపు చూడకుండా రెండో బొమ్మ వేశాడు. పుట్టింటి కాన్పుల సంగతి చెప్పి, తల్లి నీళ్ళు తాగిన ఊరి ప్రకారం మళ్ళీ సర్దామన్నాడు. తల్లి వయసు, రక్తం శాతం, దవాఖాన దూరం కలిపి చూసినా వాలు అలాగే ఉందన్నాడు.

రాజారాం కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "పుట్టింటి కాన్పులు నాకు తెలియవా? అటూ ఇటూ సమానంగా పోతారు, చెల్లుకు చెల్లు."

"సమానంగ పోతరు సార్. గందుకే గీత సమానంగ పడ్డది" అంది సౌందర్య.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "సరే, వాలు ఉందనుకుందాం. వాలు ఉన్నంత మాత్రాన నీళ్ళే కారణమని కాదమ్మా. రెండూ కలిసి కనిపించడం వేరు, ఒకదాని వల్ల ఇంకొకటి జరగడం వేరు. చదువుకున్న వాళ్ళెవరైనా చెప్తారు."

"నిజమే సార్, అఖిలేష్ సారు గూడ గదే చెప్పిండు. మరి నిన్నటిదాక గీత సాపుగుంటే, గది జూసి నీళ్ళల్ల ఏం దోషం లేదు, ట్యాంకర్ ఆపుండ్రి అని రాసిండ్రు గదా? సాపుగున్నప్పుడు గీత సాక్షమైతది, వంగినప్పుడు సాక్షం కాదా? ఏ ఎండకు ఆ గొడుగా సార్?"

రాజారాం తెర వైపు తిరిగి, ఆ నాలుగు చుక్కలను మళ్ళీ చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. "ఇంకా చదవాల్సింది ఉంది" అన్నాడు చివరికి, మెల్లగా.

"చదువుండ్రి. పదేండ్లు చదువుండ్రి, ఆశాలం మేం లెక్కలిస్తం. చదివినన్ని దినాలు నీళ్ళు మాత్రం పోయుండ్రి. లేకుంటే ఇంకెన్ని చుక్కలు గావాల్నో గిప్పుడే చెప్పుండ్రి. మీకు చుక్కంటే మాకు పానం సార్!"

మేడం పొన్నగాం కాగితం తీసింది. "దీని మీద మీ సంతకం లేదు."

"తప్పు లెక్క మీద పెట్టలే మేడం. గా వర్ని కాయిదం గూడ ఇటియ్యుండ్రి."

ఇచ్చారు. పద్నాలుగో వరుసను కొట్టేసింది. పొన్నగాం జాబితా అడుగున తన అక్షరాలతో రాసింది: అంకిత బిడ్డ, మగ, ఒక కిలో ఆరు వందలు, తల్లి తాగిన నీళ్ళు పొన్నగాం బోరు. పక్కన సంతకం పెట్టింది.

"సర్కారు కాగితం దిద్దినందుకు నోటీసు వస్తుంది, తెలుసా?" అన్నాడు పక్కనున్న ఒక ఆఫీసరు.

"రానియ్యుండ్రి. పేరు సాఫ్‌గ రాసిన, ఎతుక్కునే పని లేదు."

మేడం ఆ వరుస చదివి, ట్యాంకర్ ఫైలు మళ్ళీ తెరిచింది. పొన్నగాంకు మంచినీళ్ళ పైపు పడేదాకా ట్యాంకర్ ఆపవద్దని రాసి, బోరు నీళ్ళు, మురుగు రెండూ పరీక్షకు పంపమంది.

ఊరికి తిరిగొచ్చే బోధన్ బస్సులో సీటు దొరకలేదు. రాడ్డు పట్టుకుని నిలబడి ఉండగా అంకిత ఫోన్ చేసింది.

"అత్తమ్మా, ట్యాంకర్ వస్తదా?"

"వస్తది బిడ్డా. నువ్వు బిందెలు ఎత్తకు, నేనొచ్చి నీళ్ళు పడత."

అంకిత సన్నగా అడిగింది. "వాన్ని... మన ఊరి లెక్కల రాసిండ్రా?"

సౌందర్యకు కన్నీళ్ళు ఆగలేదు. బస్సులో అందరూ చూస్తున్నా తుడుచుకోలేదు.

"రాసిన. నా చేతితోనే రాసిన. ఎవడు కొట్టేస్తడో రమ్మను, సూస్త."